ఒక్క గుక్క

"నోట్లో చుక్క నీళ్లు పడ్డాయా, ఇవాళ్టికి మీ వంతు పోయినట్టే. మత్తు ఇవ్వరు. తర్వాత నన్ననుకుని లాభం లేదు!"

ఎండోస్కోపీ గది బయట బెంచీల మీద ఉన్నవాళ్లందరికీ వినబడేలా అరిచి చెప్పింది నర్సు.

టైలరమ్మకి ఆ మాటలేవీ చెవికెక్కలేదు. ఆమె ప్రాణమంతా స్ట్రెచర్ మీదున్న మొగుడి మీదే ఉంది. అతని కళ్లు పచ్చబడిపోయాయి. ఒళ్లు కాలిపోతోంది. పైత్యరసం దిగే నాళంలో రాయి అడ్డం పడిందట, లోపల చీము పట్టిందట.

ఒకప్పుడైతే కడుపు కోయాల్సిందే. ఇప్పుడు నోట్లోంచే కెమెరా గొట్టం పంపి, చిన్న తీగ బుట్టతో రాయిని లాగేస్తున్నారు. కానీ లాగడం వచ్చిన డాక్టరు అక్కడ ఒక్కడే. మధ్యాహ్నం ఆయన ఊరెళ్తే మళ్లీ వచ్చే వారమే.

"ఇంకెంతమంది ఉన్నారు సిస్టర్?"

"ఇంకొక్కరికే టైముంది. అది ఆ పెద్దాయన వంతు."

టైలరమ్మ అటు తిరిగి చూసింది.

పెద్దాయన చివరి బెంచీ మీద ఉన్నాడు. ఎముకల గూడులాంటి మనిషి. చేతిలో ప్లాస్టిక్ కప్పు పట్టుకుని మాటిమాటికీ అందులో ఉమ్ముతున్నాడు. ఛీ అనుకుంది టైలరమ్మ.

"మా ఆయన్ని ముందు పంపండి సిస్టర్. నాకు మనిషి దక్కేలా లేడు."

"ఆయన్ని ఇప్పటికే రెండుసార్లు వెనక్కి పంపాం. మూడోసారి ఏ మొహం పెట్టుకుని చెప్పను? పోనీ అడుగుదామంటే డాక్టరు లోపల కేసులో ఉన్నారు."

టైలరమ్మకి కత్తెర కన్నా నోరే పదునని వాళ్ల వీధి వీధంతా అంటుంది. తిన్నగా పెద్దాయన ముందుకెళ్లి నిలబడింది.

"మీకు జ్వరమా, నొప్పా? దర్జాగా కూర్చున్నారు. అక్కడ నా మొగుడు చావుబతుకుల్లో ఉన్నాడు. మీ వంతు ఇస్తే మీ సొమ్మేం పోతుంది?"

అతను స్ట్రెచర్ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. గోడ పట్టుకుని లేచి, నర్సు దగ్గరికెళ్లి ఏదో గొణిగాడు. నర్సు అడ్డంగా తలూపి, భుజం పట్టుకుని తీసుకొచ్చి అతన్ని మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టింది.

టైలరమ్మకి ఒళ్లు మండిపోయింది. నా మీద చాడీలు చెప్పడానికి మాత్రం ఓపికుంది ముసలాయనకి!

అంతలో మొగుడికి వణుకు మొదలైంది. ఆమె పరుగున వెళ్లి దుప్పటి కప్పుతోంటే వెనక దగ్గు వినిపించింది.

బెంచీ మీద ఆమె పెట్టుకున్న నీళ్ల బాటిల్ పెద్దాయన చేతిలో ఉంది. ఎత్తిన బాటిల్ దించకుండా నోట్లో ఒంపుకుంటున్నాడు. నీళ్లు మూతి పక్కల నుంచి కారిపోతున్నాయి. చొక్కా తడిసి ముద్దయింది. పొలమారి, ఊపిరాడక మెలికలు తిరిగిపోతున్నాడు.

"అయ్యో, నా బాటిల్!"

నర్సు పరిగెత్తుకొచ్చింది. "ఏం పనండీ ఇది? ఇంతసేపూ గొంతు చించుకున్నది గోడలకా? ఇంక మీకు మత్తు ఇవ్వరు. వచ్చే వారం రండి, పొండి!"

కింద మందుల కోసం వెళ్లిన అతని కూతురు అప్పుడే పైకొచ్చింది.

"నీళ్లా నాన్నా?" అని మాత్రం అని, అలాగే నిలబడిపోయింది.

అతను ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆమె భుజం పట్టుకునే మెట్లు దిగిపోయాడు.

"దాహం ఆపుకోలేనివాడికి ఆస్పత్రులెందుకో! పోనీలే, పీడ విరగడైంది" అంది టైలరమ్మ, అందరూ వినేలా.

స్ట్రెచర్ లోపలికి వెళ్లింది. రాయి వచ్చేసింది. సాయంత్రానికి జ్వరం దిగింది. వారం తిరక్కుండానే మొగుడు ఇంట్లో కూర్చుని చొక్కాలకి కాజాలు కుడుతున్నాడు.

రాయి తీసినప్పుడు నాళంలో పెట్టిన చిన్న గొట్టం తీయించడానికి కొన్నాళ్లకి మళ్లీ వచ్చారు. మొగుణ్ణి లోపలికి పంపి టైలరమ్మ బయట కూర్చుంది. ఆ నర్సే ఉంది. పాత సంగతి గుర్తొచ్చి టైలరమ్మకి నవ్వాగలేదు.

"సిస్టర్, ఆ దాహం పెద్దాయనకి తర్వాత చేశారా? ఈసారన్నా నోరు కట్టుకున్నాడా?"

నర్సు నవ్వలేదు.

"వచ్చే వారం దాకా లేడమ్మా. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయాయి. ఇక్కడే, కింద వార్డులో పోయాడు."

"అయ్యో పాపం! కాసేపు ఓర్చుకుని ఉంటే బతికేవాడు కదా. చేజేతులా ఎంత పని చేసుకున్నాడు!"

"ఓర్చుకోలేక కాదమ్మా. అంతకుముందే నా దగ్గరికొచ్చి, ‘నా వంతు ఆ పిల్ల మొగుడికి ఇచ్చెయ్ తల్లీ’ అని బతిమాలాడు. ఇప్పటికే రెండుసార్లు వెనక్కెళ్లారు, ఇంక కుదరదన్నాను. బాటిల్ ఎత్తినప్పుడు ఆ హడావుడిలో నాకూ బుర్ర పనిచెయ్యలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను."

టైలరమ్మ చూపు ఆ చివరి బెంచీ మీదికి వెళ్లింది.

"ఆయనకేం జబ్బు సిస్టర్?"

"అన్నవాహికలో గడ్డ. దారి మొత్తం మూసుకుపోయింది, ఉమ్మి కూడా దిగేది కాదు" అంది నర్సు. "ఆ రోజు డాక్టరు దారి తెరవడానికి లోపల జాలీ గొట్టం వేసి ఉంటే, ఎన్నో నెలల తర్వాత మొదటిసారి ఒక్క గుక్క నీళ్లు మింగేవాడు."