ఐదు గంటల ఫోను

నబీ రసూల్ సంచి సర్దుకుంటున్నాడు.

అన్నం డబ్బా, నమాజు టోపీ, మందుల పొట్లం, తువ్వాలు.

తొమ్మిదేళ్ళు పనిచేసిన చోటు నుంచి మనిషి ఇంత తొందరగా సర్దుకోగలడా అనిపించింది భార్గవికి.

ఆయన బల్ల మీదే ఆమె లాప్‌టాప్ పెట్టుకుంది. ప్రొద్దుటూరులోని ఆ డయాలసిస్ సెంటర్లో ఆయన చేసే పనిని కంప్యూటర్‌కు అప్పగించడానికి వచ్చిన ఇంజనీరు ఆమే.

పని చిన్నదే. డయాలసిస్ మిషన్లు చెడిపోతుంటాయి, వంతులు మారుతుంటాయి. అందుకని రోజూ తెల్లవారి ఐదింటికి, ఆ పూట వంతు ఉన్నవాళ్ళకు ఫోను చేసి రమ్మనాలి.

పులివెందుల, జమ్మలమడుగు పల్లెల్లో అది అలవాటైపోయింది. ఫోను వస్తేనే వంతు. రాకుంటే ఎవరూ బస్సెక్కరు.

“పాపా, అది యాడుంటాది? పెట్టె ఏదీ కనపడ్లే,” అన్నాడు నబీ రసూల్.

“పెట్టె ఉండదు మామా. క్లౌడ్‌లో ఉంటాది. టైముకు అదే లేస్తాది, ఫోన్లు చేస్తాది, మళ్ళా పండుకుంటాది.”

“క్లౌడంటే మబ్బే కదా?”

“మబ్బే అనుకో.”

“ఏ ఊరి మీద మబ్బు?”

భార్గవి నవ్వింది. “బొంబాయి.”

“మా తమ్ముడు కువైట్లో ఉండాడు. ఆడ ఐదంటే ఈడ ఏడున్నర. నీ మబ్బు ఐదూ మన ఐదూ ఒకటేనా, చూసినావా?”

“బొంబాయికీ మనకీ ఒకటే టైము మామా. నాకే పాఠం చెప్తాండావా?”

“కోపం చేసుకోవద్దు. సింహాద్రిపురం కృష్ణమ్మకు ఐదున్నర బస్సు తప్పితే మళ్ళా పదకొండుకే. ఒక్క వంతు పోయినా ఆయమ్మకు ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరతాయి. మొన్న ఎండాకాలంలో అట్లే అయ్యి, శానా కష్టంగా బతికింది.”

“ఉండు, చేసి చూపిస్తా.”

ఆమె ఒక బొత్తాం నొక్కింది. ఆయన జేబులో ఫోను మోగింది. ఒక ఆడగొంతు పలికింది: “ఈ రోజు మీకు డయాలసిస్ వంతు ఉంది. ఏడు గంటలకు రండి.”

“నిన్న నీళ్ళెన్ని తాగినావని అడగదా?”

“అడగదు.”

లోపలి గదిలోంచి మేనేజర్ ఆదినారాయణ కేకేశాడు. “రసూలూ, నువ్వు కదిలితే గాని ఆ పాప పని కాదప్పా!”

నబీ రసూల్ సంచి భుజాన వేసుకున్నాడు.

“పోయొస్తా పాపా.”

భార్గవి తల ఎత్తకుండానే “ఊఁ” అంది. ఫోన్ల టైము గడిలో ఐదు అని కొట్టింది. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరుస ఉంది. అది చదవలేదు.

పదకొండు రోజులు గడిచాయి.

రోజూ ఏడింటికల్లా పన్నెండు మంచాలూ నిండుతున్నాయి. ఫోన్లన్నీ వెళ్ళాయని భార్గవికి రోజూ రిపోర్టు వస్తోంది.

“ఒక్కరూ తప్పడంల్యా. గట్టిదమ్మా నీ మిషను!” అని ఆదినారాయణ ఫోను చేసి మరీ పొగిడాడు.

పన్నెండో రోజు శుక్రవారం. ఉదయం ఎనిమిదికి మళ్ళీ ఆయనే.

“ఏమ్మా, ఐదు మంచాలు ఖాళీ. మొదటి ఫోను ఐదుగురికి పోలేదు.”

“మొదటిదేంది సార్? అది చేసేదే ఒక్కసారి.”

“రెండు కదమ్మా? తెల్లారి ఒకటి, పదిన్నరకు ఒకటి. పదిన్నరకు హాల్లో అందరి ఫోన్లూ ఒక్కపారి మోగుతాయి. వచ్చినోళ్ళకు హాజరు తీసుకుంటాందని నర్సులు నవ్వుతాంటారు.”

భార్గవి లాప్‌టాప్ తెరిచి, ఆ రోజు వదిలేసిన వరుస చదివింది.

బొంబాయిలో ఉన్నా ఆ క్లౌడ్‌కు మన టైము తెలియదు. విడిగా చెప్పకపోతే ఇంగ్లండులోని గ్రీనిచ్ గడియారం పట్టుకుని నడుస్తుంది. దాని ఐదు మనకు పదిన్నర.

“సార్, తెల్లారి ఫోన్లో గొంతు ఎవరిది? ఎవర్నన్నా అడగండి.”

ఆదినారాయణ పక్క మంచం మీది మనిషిని అడిగాడు. జవాబు భార్గవికి వినపడింది.

“ఎవురిదేంది? రసూలు సాయిబుదే. నీళ్ళెక్కువ తాగినావని తిట్టేది ఆయప్ప కాక ఇంగెవురు?”

“కృష్ణమ్మ వచ్చిందా సార్?”

“రాలేదు.”

భార్గవి కృష్ణమ్మకు ఫోను చేసింది. అవతల ఊపిరి ఈలలా వినపడింది.

“ఫోను... రాల్యా కదమ్మా. ఈ పొద్దు నాది కాదేమోలే అని...”

“నీదే అవ్వా! బస్సు కోసం చూడొద్దు. ఆటో చేసుకుని ఇప్పుడే బయల్దేరు.”

తర్వాత నబీ రసూల్‌కు చేసింది. ఆయన కూతురు సుమయ్యా ఎత్తింది. వెనక జనం గొంతులు.

“నేను సెంటర్ నుంచి భార్గవిని. మామకు ఇయ్యక్కా.”

“నువ్వేనా ఆ పాపవు?”

వెనక గొంతులు కాస్త దూరమయ్యాక సుమయ్యానే అంది.

“మొదటి రోజే కృష్ణమ్మకు చేసి కనుక్కున్యాడు. నీ ఫోను రాలేదని తెలిసింది. అప్పట్నుంచి సాయంత్రం నర్సును పేర్లడిగి రాసుకునేది, తెల్లారి ఐదింటికి ఈడ్నుంచే చేసేది.”

“నాకొక మాట చెప్పరాదా అక్కా!”

“నేనూ అదే అన్యా. చెప్తే సార్ చెవిన పడి ఆ బిడ్డ ఉద్యోగం పోతాదేమో, నాల్గు రోజులు పోతే అదే చూసుకుంటాదిలే అన్యాడు.”

“ఇప్పుడు యాడ ఉండాడు?”

“చాప మీద ఉండాడు. మధ్యాన్నం జుమ్మా నమాజు అయినాక మట్టికి ఎత్తుతారు. ఈ పొద్దు ఏడో ఫోను చేసి పెట్టి, అట్లే పక్కకు ఒరిగినాడమ్మా.”

ఎనిమిదో పేరు కృష్ణమ్మది. ఆలస్యంగా దొరికిన ఆటో ఆ శుక్రవారం పదిన్నరకు దారిలో ముద్దనూరు దగ్గర ఆగింది, అందులోనే ఊపిరి ఆగిపోయిన ఆమె ప్రొద్దుటూరుకు మళ్ళీ రాలేదు.