పొమ్మన్న మాట

దసరా సెలవులు. ట్యూషన్ పిల్లలు వెళ్లిపోయాక జయకుమార్ మాస్టారు బోర్డు తుడుస్తుంటే గేటు బయటి నుంచి ఎవరో పిలిచారు.

"సార్, లోపలికి రావచ్చునా?"

కర్నూలు ఎండ వీధిలో మనిషిని నిలవనివ్వని వేళ. పాతికేళ్లవాడు. కాళ్లకు చెప్పులు లేవు. కాలుతున్న నాపబండ మీద పాదం మార్చుకోకుండా నిలబడి ఉన్నాడు.

మాస్టారు గేటు దాకా వెళ్లాడు.

"ఏం కావాలప్పా?"

"మీరు పిల్లోళ్లకు చెప్తాంటే ఈడ్నుంచే ఇన్నా సార్. అనుమతికి ఇంగ్లీషు మాటలు. లెట్ అంటిరి. అలౌ అంటిరి. ఇంకోటి ఉండాది గదా, దాన్ని ఏంటికి ఇడిసిపెడితిరి?"

మాస్టారు చేతిలో డస్టర్ అలాగే ఉండిపోయింది.

విడిచిపెట్టిన మాట 'మే'.

వారం కిందట, ఇంటర్ చదివే కూతురు జీవిత స్కూటీ తాళం ఊపుతూ గుమ్మంలో నిలబడింది. "మే ఐ గో, డాడీ?"

"యూ మే" అన్నాడు.

కేసీ కాలువ గట్టు మీద స్కూటీ జారింది. సాయంత్రానికి పిల్లను నీళ్లలోంచి తీశారు. ఒంటి మీది పచ్చ చున్నీ మాత్రం దొరకలేదు. ఆ సమయంలో గట్టు మీద ఎవరూ లేరన్నారు.

పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లనూ ఆయన అదొక్కటే అడిగాడు. ఆఖరి నిమిషంలో పిల్ల పక్కన మనిషన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా అని. ఎవరికీ తెలియదు. కళ్లు మూసుకుంటే ఆ ప్రశ్నే.

"ఒక్కో మాటకు ఒక్కో పని" అన్నాడు మాస్టారు, పాఠం చెబుతున్నట్టే. "మే అనేది అడిగేవాళ్లది. లెట్ అంటే అడ్డం పడకుండా పోనివ్వడం. పర్మిట్ అంటే అధికారం ఉన్నవాళ్లు ఇచ్చేది."

"ఇయ్యాల్సినోళ్లు ఇయ్యకపోతే?"

"ఉన్నచోటే ఉండాలి."

"అదే సార్ నా బాధ" అన్నాడా మనిషి. "పోయొస్తా సార్."

మాస్టారు ముఖం తిప్పుకుని లోపలికి వచ్చేశాడు.

"ఎవురితో మాట్లాడుతాండారు?" అంది భార్య రత్నమణి.

"ఎవరో తెలీదు. పోయొస్తా అంటాండాడు."

ఆమె చేతిలో చెంబు కింద పెట్టేసింది. "సావింట్లో ఆ మాటంటాడా? ఇంతమంది వచ్చినారు, ఒక్కరన్నా అన్నారా? మాట్లాడకుండా లేసి పోయినారు గదా. మీరు పోయిరా అంటే సావును మళ్లా రమ్మన్నట్టే. నోరు తెరవొద్దండి."

మర్నాడు అదే వేళకు అదే గొంతు.

"పోయొస్తా సార్."

మాస్టారు గేటు దగ్గరికి వెళ్లాడు గానీ పెదవి విప్పలేదు. ఆ మనిషీ కదల్లేదు. పక్కింటి తిమ్మయ్య సైకిలు తోసుకుంటూ వాళ్ల ముందు నుంచే వచ్చాడు.

"ఏం సార్, ఒక్కడివే నిలబడినావు? ఎండ దెబ్బ తగిలితే అమ్మ ఒక్కతే ఎట్ల ఏగుతాది?"

చావు ఇంటివాడి మొహం చూసినవాళ్లకు పక్కనున్నది కనిపించదు కాబోలు అనుకున్నాడు మాస్టారు. అయినా తిమ్మయ్య పోయాక గేటు గడియ వేసి లోపలికి వచ్చేశాడు.

ఆ మరుసటి రోజు పిలుపు రాకముందే ఆయన కళ్లు గేటు వైపు వెళ్లాయి. అతను ఉన్నాడు.

"ఎందుకొస్తాండావప్పా రోజూ?"

"మీరు పొమ్మనకపోతే పోలేను సార్. ఇంగెవురన్నా చెల్లదు."

"నీకు నేనేమవుతానని?"

"పాప గురించి ఒక మాట చెప్పేసి..."

పాప గురించి. వారమంతా విన్నది అదే. పాప దేవుని కాడ ఉండాది. పాపది బంగారం లాంటి మనసు. పాప రాత అంతే సార్. వచ్చినవాళ్లందరూ ఆ మాటతోనే మొదలుపెట్టారు. ఆయన అడిగినదానికి మాత్రం ఒక్కరూ జవాబు చెప్పలేదు.

"చాలు" అన్నాడు మాస్టారు. గొంతు పెరగలేదు. "పో. మళ్లా రావద్దు."

ఆ మనిషి మొహం బరువు దించుకున్నట్టు తేటపడింది.

"చెప్పాల్సింది అట్లే నిలిచిపోయె. అయినా మీరు పొమ్మంటిరి, అది చాలు సార్."

తల వంచి, కాలువ వైపు నడిచి వెళ్లాడు. అడుగుల చప్పుడు వినిపించలేదు.

మర్నాడు తెల్లవారాక కానిస్టేబుల్ ఓబుళేశు వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పొద్దున్నే తూము కాడ చెత్త తీస్తాంటే ఇంకో శవం బయటపడింది సార్. గోపన్న అని, కోడుమూరు మనిషి. పని కోసం టౌనుకొచ్చినాడంట. పాప పోయిన దినం నుంచే కనపడక వాళ్లమ్మ ఎతుకుతాండాది. ఫొటో ఇచ్చింది, చూడండి."

మాస్టారు సెల్‌ఫోన్ అందుకున్నాడు.

నవ్వుతున్నాడు. కాళ్లకు కొత్త చెప్పులు ఉన్నాయి. మొహం మాత్రం అదే.

"నిన్న..." అన్నాడు మాస్టారు.

ఓబుళేశు నేల చూపులు చూస్తూ అన్నాడు. "ఈతే రాదంట సార్ ఆయప్పకు. పాప ఒంటి మీద లేదని చెప్పినారే, ఆ పచ్చ చున్నీ ఆయప్ప మణికట్టుకు రెండు చుట్లు తిరిగి ఉండాది, దాన్ని పట్టుకున్న పిడికిలి విప్పడం మావల్ల కాలేదు."