సన్నాయి దవడ

పన్నెండేళ్లు నిండగానే పిల్లల ముఖపుటెముకలకు ఎక్స్‌రే తీయించి, యంత్రం చెప్పిన కోణాలకు దవడలను దిద్దించడం టీకాలంత మామూలైపోయిన కాలమది. చీరాల సన్నాయి విద్వాంసుడు వీరరాఘవులు తన కూతురు కస్తూరిని ఆ పనిమీదే ఆసుపత్రికి తీసుకువచ్చాడు. ఆమె కింది దవడ కాస్త ముందుకు ఉందనీ, వెనక్కి జరపాలనీ యంత్రం తేల్చింది.

“జరిపితే ఊదగలనా నాన్నా?” అంది కస్తూరి. సన్నాయి కొసన నోట పెట్టుకుని ఊదే పీకను ఆ దవడ ఆసరాతోనే పట్టడం వాళ్లింటి బాణీ.

“అది చెప్పలేనమ్మా. అందరిలా కనిపిస్తావని మాత్రం చెప్పగలను” అంది డాక్టర్ హైమ.

“అందరిలా కనిపిస్తే మా కచేరీకి ఎవరొస్తారండీ?” అని రాఘవులు నవ్వాడు. “నోరు మూయించి తీస్తే దాని దవడ సంగతి మీకేం తెలుస్తుంది డాక్టరమ్మగారూ? ఊదుతుంటే తియ్యండి.”

కదలకూడదన్న నియమాన్ని హైమ ఆ ఒక్కసారికీ పక్కన పెట్టింది. కస్తూరి మోహన రాగం అందుకుంది. వసారాలో వరస కట్టిన తల్లులు మాటలాపారు. తెరమీద దవడ ఎముక ముందుకు జరిగి, పీకకు పీట వేసినట్టు అమరింది. యంత్రం గీతలు గీసింది, చెరిపింది, మళ్లీ గీసింది. చివరికి “పోల్చడానికి నమూనా లేదు” అని ఆగిపోయింది.

“నమూనా లేనప్పుడు దిద్దమనే హక్కు దానికి లేదు” అంటూ హైమ చికిత్స రద్దు చేసింది.

రాఘవులు కండువా సర్దుకున్నాడు.

“లేదంటారేంటండీ, ఎదురుగా కూర్చుంటేనూ! మా పిల్లదే మొదటి నమూనా అని రాసుకోమనండి.”