ఇరవై ఒకటో పేజీ

దేవ్‌సింగ్ అంగీ లోపలి నుంచి నవల తీసి, తెరవకుండానే గౌస్ పాషా ముందు పెట్టాడు.

"నువ్వే సూడు పాషన్నా. నాకు గుండె దడదడమంటుంది."

ప్రతి అంగడి రోజూ ఇదే తంతు. తండా నుంచి ఆరు మైళ్లు నడిచి వస్తాడు మనిషి.

బాన్సువాడ బస్టాండు వెనక గౌస్ పాషాది కిరాయి పుస్తకాల దుకాణం. దయ్యాల నవలల అట్టలన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. అవే ఎర్ర కళ్లు, అదే విరబోసిన జుట్టు. చదివిందే మళ్లీ పట్టుకుపోకుండా ఒక్కొక్కరు ఒక్కో పేజీలో తమ గుర్తు పెట్టుకుంటారు. టీచరమ్మది ఆఖరి పేజీలో సున్నా. దేవ్‌సింగ్ భార్య లాలిది ఇరవై ఒకటో పేజీ మూలన పెన్సిలుతో చిన్న పువ్వు.

లాలి ఏడో తరగతి దాకా చదివింది. దయ్యాల నవలలంటే ప్రాణం. దేవ్‌సింగ్‌కు అక్షరం ముక్క రాదు. ఒకసారి ఆమె చదువుతూ చదువుతూ అన్నం మాడ్చింది. ఈ మహానుభావుడికి కోపం ఆగక నవల తీసి పొయ్యిలో పెట్టాడు. లాలి అన్నం ముట్టకుండా అలిగి పడుకుంది. అంతే. మళ్లీ అతనితో ఒక్క మాట లేదు.

అప్పటి నుంచి వారం వారం తనే నవల తీసుకుపోతున్నాడు. పువ్వు ఉంటే ఆమె చదివినట్టు. చదివితే తనను మన్నించినట్టు.

"అట్ట ఊడింది. గోందు పెట్టుకొస్త, ఆగు," అని పాషా నవల పట్టుకుని లోపలికి పోయాడు.

దేవ్‌సింగ్ తలపాగా విప్పాడు. చుట్టుకున్నాడు. మళ్లీ విప్పాడు.

పాషా బయటికొచ్చి పేజీ తెరిచి చూపించాడు. మూలన పువ్వు.

"సూశినవా? ఊకె పరేషానైతవ్!"

దేవ్‌సింగ్ ఆ పువ్వును వేలితో తాకి చూశాడు. ఏడుపు ఆగలేదు.

"సదివిందన్నా! నాతోని మాట్లాడకున్నా మంచిదే. నే దెచ్చింది సదువుతుంది, గది సాలు."

పాషా ఇంకో నవల తీశాడు. "కొత్తది. సన్న పుస్తకం. మన బాన్సువాడ అసొంటి చిన్న ఊరు. పెద్దలకు పెట్టే పెత్తరమాస నాడు సచ్చినోళ్లు ఇండ్లకొచ్చి తలుపు కొడుతరు."

దేవ్‌సింగ్ కన్నార్పలేదు. "లోపలోళ్లు తలుపు తీస్తరా?"

"గది నేను జెప్తే ఇగ మజా ఏముంది?"

"తియ్యాలె అన్నా," అన్నాడు పంతంగా. "తియ్యకుంటే గంత దూరమొచ్చి వాపస్ పోవాల్నా?"

పాషా నవల అతని చేతిలో పెట్టాడు. దేవ్‌సింగ్ దాన్ని అంగీలో భద్రంగా దాచుకుని తండా దారి పట్టాడు.

అతను కనుమరుగయ్యాక గౌస్ పాషా చెవి మీది పెన్సిలు తీసి, అరిగిన మొన చెక్కుతూ కూర్చున్నాడు. లాలి చనిపోతే తండాకు పోయి ఆమె మీద పిడికెడు మట్టి వేసి వచ్చినప్పటి నుంచి, ఈ మూడేళ్లుగా ఆ పువ్వులు వేస్తున్నది అతనే.