రైట్‌కి ఎన్ని అర్థాలు

“ఇవాళైనా తెచ్చావా అన్నయ్యా?” సూసన్న గుమ్మంలోనే అడిగింది.

తవిటయ్య చంకలోని గుడ్డసంచి తడిమి చూపించాడు. “తెచ్చినాను.”

“అయితే ఇంక ఆలస్యం చెయ్యకు.”

“ముందు కూకోనీ సెల్లెమ్మా. ఓల్డ్ సెటిల్‌మెంట్ సందులన్నీ తొక్కుకుంటా వొచ్చినాను. ఆ సైకిలు నాకన్నా ముసిల్ది.”

మంచం మీద విల్‌ఫ్రెడ్ ఎముకల గూడులా ఉన్నాడు. ఒకప్పుడు ఇంజిన్ నడిపిన మనిషి. ఆ బండికి వెనకాల గార్డు తవిటయ్య. ఇద్దరూ రిటైరై ఏళ్ళయింది. ఇప్పుడు విల్‌ఫ్రెడ్ ఊపిరి గొంతులో గరగరలాడుతోంది. పోదు, నిలవదు. మెడ మాత్రం గుమ్మంవైపు తిరిగే ఉంది. కూతురు ఏంజలిన్ కోసమేమో అనుకున్నారు. ఆ పిల్ల ట్రాఫిక్ కాలనీ నుంచి వచ్చి కాళ్ళ దగ్గరే కూచుంది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. అయినా ఆ చూపు గుమ్మాన్ని వదల్లేదు.

“డాక్టరు తన చేతుల్లో ఏమీ లేదన్నాడు. ఇంక నీ చేతిలోదే,” అంది సూసన్న.

తవిటయ్య విననట్టే స్టూలు మంచం దగ్గరికి లాక్కున్నాడు.

“ఒరే విల్‌ఫ్రెడ్డూ, ఊళ్ళో బడిలో మూడు సదివినోణ్ణని నాకు ఇంగిలీసు నేర్పడానికి బయల్దేరినావు కదరా. రైట్ అన్న మాటకి ఎన్ని అర్థాలో ఇప్పుడు నన్నడుగు. కుడిచెయ్యి రైటు. ఒప్పయితే రైటు. హక్కున్నా రైటే, నా మీద మా ఇంటిది సింహాచలమ్మకున్నట్టు. కండక్టరు ‘రైట్ రైట్’ అంటే బస్సు పదమని. మన బండికీ అంతే, గార్డు రైట్ ఇస్తేనే కదిలేది. ఓపాలి హిజ్లీలో సిగ్నలు పడినా నువ్వు కదల్లేదు. స్టేషన్ మాస్టరు కేకలు, పాసింజర్ల తిట్లు. నాను టీ తాగి, ఇంకో టీ తాగి, వొచ్చి రైట్ ఇచ్చేదాకా మెడ తిప్పి సూస్తానే ఉన్నావు. మొండి ఎదవ్వి.”

ఏంజలిన్ ఏడుస్తూనే నవ్వింది.

“అసలా మాట ఏడ పుట్టినాదో తెలుసా పిల్లా? తిన్నగా ఉండడమే దాని మొదటి అర్థం, మన సంస్కృతం ‘ఋజువు’కి అది వేలువిడిచిన సుట్టం అంటాడు మీ నాన్న. పుస్తకాల్లో సూసి సెప్పినాడు. వట్టిది. ఖరగ్‌పూర్లోనే పుట్టినాది. పట్టాలు వంకరేమోనని దొర బెంగెట్టుకుంటే, మా తాత పట్టా మీద కోడిగుడ్డు పెట్టి ఓ తోపు తోసినాడు. అది పక్కకి దొర్లకుండా తిన్నగా హౌరా పోనాది. దారిలో ఎండకి పొదిగి, దిగేసరికి పుంజైపోనాది. దాని కూత విని దొర ‘రైట్’ అన్నాడు.”

ఈ కథ ఇక్కడికి రాగానే ‘రాంగ్’ అని అరవడం విల్‌ఫ్రెడ్‌కి అలవాటు. తవిటయ్య ఆగి, కాసేపు ఎదురుచూశాడు.

గరగర తప్ప ఏమీ వినబడలేదు.

“అన్నయ్యా, చాలు.” సూసన్న అతని పక్కన నేల మీద కూలబడింది. “ఇచ్చెయ్యి.”

“ఇంకో అర్థం ఉన్నాది...”

“మొన్న మర్చిపోయానన్నావు. నిన్న పెట్టె తాళంచెవి దొరకలేదన్నావు.”

“ఇచ్చినాక మరి ఎనక్కి తీసుకోడం ఉండదమ్మా. ఆ పాపం నాకు సుట్టుకోదా?”

“ఈయన్ని ఇలా నిలబెట్టెయ్యడం పాపం కాదా?”

తవిటయ్య సంచిని గుండెలకి అదుముకున్నాడు. “ఈడెళిపోతే నా అబద్ధాలు పట్టుకునేవోడెవడే సెల్లెమ్మా?”

విల్‌ఫ్రెడ్ కుడిచెయ్యి గాల్లోకి లేచింది. కనబడని మీటేదో అందుకుని లాగబోయి, దుప్పటి మీద వాలిపోయింది. తెల్లారినప్పటి నుంచీ అదే వరస.

తవిటయ్య లేచాడు. చొక్కా బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. గుమ్మంలోకి నడిచి, ఆ చూపు ఎక్కడ పడుతోందో సరిగ్గా అక్కడ నిలబడి, సంచిలో చెయ్యి పెట్టాడు. ఏంజలిన్ తండ్రి పాదాలు గట్టిగా పట్టుకుంది.

తవిటయ్య పచ్చజెండా ఊపాడు.