ఎదురు షాపు దొంగ

దొంగ ఎవరో వాచీల షాపు అన్నగారికి ఎప్పుడో తెలిసిపోయింది. ఇంకెవరు, వీధికి అవతల అదే వ్యాపారం చేస్తున్న చెల్లెలి మొగుడు! తన వెబ్‌సైట్లో ఏం రాసినా పూట తిరక్కుండా బావ వెబ్‌సైట్లో ప్రత్యక్షం. మొన్నటి గోడగడియారం ఫోటో అయితే, అందులో పడ్డ తన బొటనవేలి మీది పుట్టుమచ్చతో సహా ఎత్తేశాడు మహానుభావుడు.

ఇద్దరికీ మాటల్లేక రెండేళ్లు. కలిసి నడిపిన షాపును రెండుగా చీల్చుకున్నారు. వెబ్‌సైట్లు మాత్రం రెండూ చెల్లెలే చూసుకుంటుంది.

"మీ ఆయన పచ్చి దొంగ. పోలీసులకి రాసిచ్చేస్తా," అన్నాడు ఆమె దగ్గరికెళ్లి.

"సాక్ష్యం చూపించు అన్నయ్యా, నేనే సంతకం పెడతా," అంది చెల్లెలు, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా.

అన్నగారు ఫిర్యాదు రాసి జేబులో పెట్టుకున్నాడు. ఆనక తన వెబ్‌సైట్ తెరిచి, రాసింది ఏ వెబ్ అడ్రస్‌లో కనిపించాలని అడిగే గడిలో ఎప్పటిలా తన షాపు అడ్రస్ నొక్కి, ఇలా రాశాడు: 'ఎదురు షాపాయన చేయి తిరిగిన పనివాడు. ఆయన ముందు నేను బలాదూర్.' బావ దీన్ని కాపీ కొట్టాడా, వాడి సైట్లో ఎదురు షాపాయనంటే తనే; తన గొప్ప వాడే చాటినట్టు!

పావుగంటలో ఆ ముక్కలు బావ వెబ్‌సైట్లో ఉన్నాయి. అన్నగారు చంకలు గుద్దుకుంటూ లేచేసరికి, బావే వీధి దాటి పరుగెత్తుకొచ్చాడు. కళ్లనిండా నీళ్లు. వెనకే చెల్లెలు.

"రోజూ నీ సైటు చూస్తూనే ఉంటా బావా. నా గురించి ఇంతమాట రాస్తావనుకోలేదు!" అని గట్టిగా కావలించుకున్నాడు.

జేబులో ఫిర్యాదు నలిగిపోయింది. అన్నగారికి ముందు సిగ్గేసింది. తర్వాత, దాచడమెందుకు, ప్రాణం లేచొచ్చినట్టయింది.

"మరి నా రాతలన్నీ నీ సైట్లోకి ఎలా వచ్చాయి బావా?"

"నాకేం తెలుసు? నాకసలు టైపు చెయ్యడమే రాదు. అన్నీ మీ చెల్లెలే."

ఇద్దరూ అటు తిరిగారు.

"రెండు సైట్లూ ఒకే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి అన్నయ్యా," అంది చెల్లెలు. "ఇల్లొకటే, గుమ్మాలు రెండు. ఏ షాపు అడ్రస్ కొడితే ఆ షాపు తెరుచుకుంటుంది. రాసేటప్పుడు అడ్రస్ అడిగే గడి ఖాళీగా ఉంటే మాత్రం, రాసింది రెండు చోట్లా కనిపిస్తుంది."

"అయ్యో రామా! అయితే నొక్కడం నేనే మర్చిపోయానా?"

"నువ్వా? పాపం, ప్రతిసారీ శ్రద్ధగా నొక్కావు. పోట్లాడుకోడానికైనా మీరిద్దరూ ఎదురుపడతారని, ప్రతిసారీ దాన్ని తీసేసింది నేనే!"