ఆ ఒక్క షరతు

చనిపోయిన కూతురు బస్టాపు బోర్డు మీద నవ్వుతోంది. పక్కనే టానిక్ సీసా. "ఈ నవ్వు మా చలవే!"

తల్లి సమాచార శాఖ ఆఫీసుకు పరుగెత్తింది. "సర్కారు ఆసుపత్రిలో కొత్త మందు తాగిన రోజు తీశారు బాబూ. బతుకుతానని నవ్వింది. ఆ ఫోటో వీళ్లకెవరిచ్చారు?"

"మేమేనమ్మా," అన్నాడు అధికారి. "సర్కారు ఫోటోలు జనం సొత్తు. ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చు. అడగక్కర్లేదు."

"నా బిడ్డ జనం సొత్తా?"

"బిడ్డ కాదమ్మా, ఫోటో."

ఆమె ఫోన్లో బోర్డును చూసి అతను నిటారుగా కూర్చున్నాడు.

"ఆగండాగండి! ఫోటో కింద మా పేరు, మేం పెట్టిన శీర్షిక వేసి తీరాలి. ఉన్నదే ఆ ఒక్క షరతు. అదీ ఎగ్గొట్టారా? తాట తీస్తాను!"

"మీ పిల్లలు చల్లగుండాలి బాబూ," అని ఆమె చేతులెత్తి మొక్కింది.

వారం తిరక్కుండా బోర్డు మారింది. అదే నవ్వు, అదే సీసా. అడుగున కొత్తగా ఒక వరుస:

"ఫోటో: ప్రభుత్వ సమాచార శాఖ. శీర్షిక: కొత్త మందు పరీక్షలో, పోల్చి చూడడానికి మందు బదులు చక్కెర నీళ్లు తాగించిన పిల్లల్లో ఒకరు."

ఆమె చేతిలో ఫోన్ మోగింది.

"చూశారా అమ్మా? అక్షరం పొల్లుపోకుండా వేయించాను!"